ఏడో తరగతి పాప, రోజూ పొద్దున్నే కడుపునొప్పి, స్కూల్‌కి వెళ్ళనంటోంది. సైకియాట్రిస్ట్‌కి చూపించాలా?

మంగళగిరి_అమ్మ:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ పోస్ట్ పెట్టలేదు, ఇప్పుడు వేరే దారి లేక పెడుతున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా పాపకి 12 ఏళ్ళు, ఏడో తరగతి. ఆరు దాకా మా వీధి చివర చిన్న స్కూల్లో చదివింది, అక్కడ ఆయమ్మ దగ్గర్నుంచి హెచ్ఎం దాకా అందరికీ తను తెలుసు, మార్కులు కూడా బానే వచ్చేవి. ఈ జూన్‌లో పెద్ద స్కూల్‌కి మార్చాం, పేరు వద్దులెండి, ఐఐటీ ఫౌండేషన్ అనీ ఒలింపియాడ్ అనీ మా వారికి ఆశ. మొదట్లో ఏదోలా వెళ్ళొచ్చేది. దసరా సెలవులు అయ్యాక మొదలైంది అసలు గొడవ. ఆరింటికి లేపితే కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటుంది, బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది, ఒక్కోరోజు తిన్న ఇడ్లీ తిన్నట్టే వాంతి. యూనిఫాం వేస్తుంటే చేతులు చల్లగా ఐపోతాయి, వణుకుతుంది, నా కళ్ళతో నేను చూశాను కాబట్టి నాటకం అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. బస్సు హారన్ వినపడగానే బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంటుంది. బస్సు వెళ్ళిపోయాక ఓ గంటకి మామూలే, పెరుగన్నం తింటుంది, టీవీ చూస్తుంది, సాయంత్రం తమ్ముడితో పోట్లాడుతుంది. ఆదివారం పొద్దున నొప్పే ఉండదు. ఆ సాయంత్రం ఏడయ్యేసరికి మళ్ళీ ముఖం మాడిపోతుంది.

పిల్లల డాక్టర్ గారికి చూపించాం. రక్తం, మూత్రం, స్కాన్ అన్నీ నార్మల్. నులిపురుగుల మందు ఇచ్చారు, గ్యాస్‌కి సిరప్ ఇచ్చారు, తగ్గలా. మళ్ళీ వెళ్తే ఇది టెన్షన్ వల్ల వస్తున్న నొప్పిలా ఉందమ్మా, సైకియాట్రిస్ట్‌కి గానీ సైకాలజిస్ట్‌కి గానీ ఒకసారి చూపించండి అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్యగారు దిష్టి అంటారు, ఎర్రనీళ్ళు తిప్పారు, తాయెత్తు కట్టించారు, దానికి నేనేం అడ్డు చెప్పలేదు. కానీ ఆడపిల్లని పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయే అని ఏడుపు. మా వారేమో అంతా నీ గారాబం అంటారు, ఓ రోజు కోపంలో ఎత్తుకెళ్ళి బస్సులో కూర్చోబెట్టారు, స్కూల్లో వాంతి చేసుకుంటే వాళ్ళే ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఆ రాత్రి పడుకునే ముందు నేను లేకపోతే మీకు ఈ గొడవలేం ఉండవుగా అమ్మా అంది, అలసిపోయి అందేమో. స్కూల్ వాళ్ళదింకోటి, ఇలా రాకపోతే టీసీ తీసుకోండి అంటున్నారు.

అసలు సైకియాట్రిస్ట్ దగ్గరికా, సైకాలజిస్ట్ దగ్గరికా, కౌన్సెలర్ దగ్గరికా? తేడా ఏంటో నాకు తెలీదు. మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? సంక్రాంతి దాకా స్కూల్ మాన్పించి ప్రశాంతంగా ఇంట్లో ఉంచితే సర్దుకుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.


కృష్ణాతీరం_బాబాయ్:

అమ్మా ఏమనుకోకు, ఇవన్నీ ఇప్పటి రోగాలు. మా టైంలో కడుపునొప్పి అంటే మా నాన్న గుమ్మం వెనకాల నుంచి వేపబెత్తం తీసేవాడు, నొప్పి అక్కడికక్కడే మాయం. టీవీ కనెక్షన్ పీకేసి ఫోన్ దాచేయండి, వారంలో అదే వెళ్తుంది. సైకియాట్రిస్టులకి డబ్బులు తగలేయకండి.


క్లినిక్_కబుర్లు:

బాబాయ్ గారూ, టీవీ గురించి మీరన్న దాంట్లో సగం నేనూ ఒప్పుకుంటా, కింద రాస్తాను. బెత్తం మాత్రం వద్దండి, భయం వల్ల వచ్చిన నొప్పికి ఇంకో భయం కలిపితే బయటికి చెప్పడం మానేస్తారు తప్ప నొప్పి పోదు.

మంగళగిరి అక్కా, నేను హైదరాబాద్‌లో పిల్లలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఫోరంలో రోగనిర్ధారణ చేయను, చేయకూడదు కూడా, కానీ మీరు రాసినలాంటిది ప్రతి సంవత్సరం జూన్, జులైల్లో ఒకసారి, దసరా సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకోసారి వరసపెట్టి చూస్తాం కాబట్టి కొన్ని విషయాలు చెప్పగలను.

అన్నిటికంటే ముందు ఒకటి. మీరు మధ్యలో ఒక వాక్యం మామూలుగా రాసేసి దాటిపోయారు, నేను లేకపోతే మీకు గొడవ ఉండదుగా అందని. అది ఊరికే అన్నమాట కావచ్చు, కాకపోవచ్చు, మనం ఊహించుకుని వదిలేయడానికి లేదు. ఇవాళ రాత్రే, ఇద్దరే ఉన్నప్పుడు, సూటిగా అడగండి: చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనిపించిందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది తల్లులు భయపడతారు, అలా ఏం అవ్వదు, అడిగితే పిల్లలకి బరువు దిగుతుంది. అనిపించింది అని చెప్తే తిట్టొద్దు, ఏడవొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి, రాత్రైతే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. చెప్పినా చెప్పకపోయినా ఇంట్లో పురుగుమందు డబ్బాలు, అత్తయ్యగారి బీపీ షుగర్ బిళ్ళలు తాళం వేసిన బీరువాలోకి వెళ్ళిపోవాలి, ఇవాళే. 14416 అని టెలీ మానస్ నంబర్ ఉంది, మానసిక ఇబ్బందులకి సాయం చేసే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్ల కోసమే కాదు, అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే మీ కోసం మీరూ చేయొచ్చు.

ఇక కడుపునొప్పి. ఆ నొప్పి నిజం. టెస్టులు నార్మల్ అంటే పేగులకి జబ్బు లేదని అర్థం, నొప్పి లేదని కాదు. భయం వేసినప్పుడు మెదడు ఒంటికి పారిపో అని ఆర్డర్ ఇస్తుంది, రక్తం పేగుల్నుంచి కాళ్ళూ చేతుల కండరాలకి మళ్ళుతుంది, పొట్ట బిగుసుకుంటుంది, వికారం వస్తుంది, వేళ్ళు చల్లబడతాయి, మీరు పట్టుకుని చూసిన చేతులు అవే. బస్సు వెళ్ళిపోగానే ప్రమాదం తప్పింది అనుకుంటుంది మెదడు, అందుకే గంటలో పెరుగన్నం తినగలుగుతోంది. బొడ్డు చుట్టూ ఉండటం, సెలవు రోజు లేకపోవడం, ఆదివారం సాయంత్రం మొదలవడం ఇవన్నీ ఆ వైపే చూపిస్తున్నాయి. కానీ నిద్రలోంచి లేపేంత నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, నొప్పి ఒకే పక్కన ఉండటం ఇలాంటివి ఏమైనా కనిపిస్తే మాత్రం మళ్ళీ పిల్లల డాక్టర్ దగ్గరికే.

ఎవరి దగ్గరికి అన్నారు కదా. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చేసి ఆ పైన ఎండీ సైకియాట్రీ చేసిన డాక్టర్, మందులు రాసేది వాళ్ళే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాట్లాడి చేసే థెరపీ, టెస్టులు మా పని, ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యి ఉండాలి, నంబర్ ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి, నిజమైనవాళ్ళు ఎవరూ తప్పుగా అనుకోరు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరు పడితే వాళ్ళు పెట్టేస్తున్నారు, మంచివాళ్ళూ ఉన్నారు, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి మైండ్ పవర్ అంటున్నవాళ్ళూ ఉన్నారు, చదువేంటో కనుక్కోండి. మీ పాప విషయంలో ఇద్దరిలో ఎవరితో మొదలుపెట్టినా ఫరవాలేదు, అవసరమైతే రెండోవాళ్ళ దగ్గరికి వాళ్ళే పంపిస్తారు. మీకు దగ్గర్లో గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, సైకియాట్రీ ఓపీ ఉంది, ప్రైవేట్‌కే వెళ్ళాలని ఏం లేదు.

మందుల సంగతి. ఇలాంటివాటికి చాలావరకు మాటల వైద్యం, ఇంట్లో స్కూల్లో మార్పులతోనే మొదలుపెడతాం. భయం మరీ ఎక్కువగా ఉన్నా, డిప్రెషన్ కూడా ఉన్నా సైకియాట్రిస్ట్ ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాయొచ్చు. అవి నిద్రమాత్రలు కావు, అలవాటు పడిపోయేవీ కావు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారాల్లో పిల్ల చిరాకు, ఆందోళన, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరుండి చూసుకోవాలి, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. జీవితాంతం ఏం కాదు. మెడికల్ షాపులో అడిగి ఏదో నిద్రబిళ్ళ తెచ్చి వేయడం మాత్రం చేయకండి, మన దగ్గర అదీ జరుగుతుంది.

సంక్రాంతి దాకా మాన్పిస్తే... వద్దక్కా. మాన్పించిన ప్రతి రోజూ, వెళ్ళకపోవడం వల్లే బతికిపోయాను అని మెదడు నేర్చుకుంటుంది, తర్వాత గేటు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అలాగని మీ వారు చేసినట్టు ఎత్తుకెళ్ళి బస్సులో పడేయడం కూడా పనిచేయదు. మధ్యలో మెట్లు కట్టాలి. యూనిఫాం వేసుకుని స్కూల్ గేటు దాకా వెళ్ళి రావడం, తర్వాత లైబ్రరీలో ఒక పీరియడ్, తర్వాత ఇష్టమైన సబ్జెక్ట్ ఒకటి, తర్వాత లంచ్ దాకా. ఏ మెట్టు మీద ఎన్నాళ్ళు అనేది పిల్లతో కూర్చుని తేల్చుకునే విషయం, పైకి వెళ్ళకపోయినా ఫరవాలేదు కానీ కిందికి దిగకూడదు. ఆ రోజు నొప్పి ఉన్నా మెట్టు మెట్టే, నొప్పి పోయాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్ళరు.

బాబాయ్ గారి సగం మాట ఇక్కడ. స్కూల్ టైంలో ఇల్లు సరదాగా ఉండకూడదు. టీవీ లేదు, ఫోన్ లేదు, స్పెషల్ టిఫిన్ లేదు, శిక్ష కూడా లేదు, పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడమే, నాలుగున్నరకి మామూలు జీవితం మొదలు. పొద్దున పూట నొప్పి ఎలా ఉంది తగ్గిందా అని పదిసార్లు అడగొద్దు, ఒక్కసారి, నొప్పిగా ఉందని తెలుసు నాన్నా, అయినా మనం వెళ్దాం, నీ వల్ల అవుతుంది, అంతే. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, నానమ్మ ఒకటి చెప్తే పని జరగదు, ముగ్గురూ ఒకే మాట మీదుండాలి. నా దగ్గరికి పిల్ల వారానికి ఒక గంట వస్తుంది, మిగతా గంటలన్నీ మీ దగ్గరే కదా, అందుకే నేను పిల్ల కంటే పెద్దవాళ్ళతోనే ఎక్కువ సేపు మాట్లాడతాను, కొంతమందికి కోపం కూడా వస్తుంది, ఫీజు పిల్లకి కట్టాం మమ్మల్నెందుకు అడుగుతున్నారు అని.

ఇంకొకటి, కారణం వెతకండి. ఏడిపించేవాళ్ళున్నారా, బస్సులో ఎవరైనా, ఏ పీరియడ్ అంటే భయం, నెలసరి మొదలైందా, అక్షరాలు చదవడంలో లెక్కల్లో ఇబ్బంది చిన్నప్పట్నుంచీ ఉండి పెద్ద స్కూల్లో బయటపడిందా. చివరిదైతే అది స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ కావచ్చు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది కూడా ఉంది, టెస్ట్ చేయించాలి. ఎవరైనా తాకరాని చోట తాకారని చెప్తే మొదట నమ్మండి, 1098 పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, అది పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందికి వస్తుంది, సర్దుబాటు వ్యవహారం కాదు.

సంబంధాల గురించి అత్తయ్యగారికి: 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం పేషెంట్ వివరాలు బయటికి చెప్పకూడదు. క్లినిక్ నుంచి ఊరికి తెలియదు. తెలిస్తే చుట్టాల ఫోన్ల వల్లే తెలుస్తుంది.


ఓరుగల్లు_నాన్న:

మేడం మంచిగ చెప్పిన్రు. మాది హనుమకొండ, మా పోరనికి కూడ గిట్లనే అయింది తొమ్మిదో తరగతిల, వానిది కడుపు కాదు తలనొప్పి. కండ్ల డాక్టర్, ఈఎన్‌టీ, ఆఖరికి ఎమ్మారై దాక పోయినం, పైసలైతే మస్తు పోయినయ్. ఎవరన్నా సైకియాట్రిస్ట్ అంటే మా చుట్టాలల్ల ఒక్కటే మాట, ఎర్రగడ్డకు తోల్కపోతున్నరా అని. హైదరాబాద్‌ల మానసిక దవాఖాన ఉన్న ఎర్రగడ్డ అంటే తిట్టు అయిపోయింది మన దిక్కు, అక్కడ్కి పోయి నయమై వచ్చినోళ్ళు ఎంతమందో ఎవడు చెప్పడు.

నేను చెప్పేది మా అమ్మ గురించి. పిలగాడు ఇంట్ల ఉంటే మా అమ్మ పాపం ప్రేమతోని పదకొండు గంటలకు పకోడీలు, మధ్యాహ్నం కాళ్ళు ఒత్తుడు, మనుమడు సీరియల్ పెట్టుమంటే సీరియల్, క్రికెట్ అంటే క్రికెట్. మా ఆవిడ వద్దంటే అత్తా కోడళ్ళ లొల్లి. సైకాలజిస్ట్ సార్ రెండోసారి పోయినప్పుడు నానమ్మను తీసుకరండి అన్నడు. మేం భయపడ్డం, ఆమె వచ్చి ఏం గలాటా చేస్తదో అని. సార్ ఆమెను కుర్సీల కూసోబెట్టి, అమ్మా మీరు ఇంటికి పెద్ద, ఈ పని మీతోనే అయితది, పొద్దుగాల బస్టాప్ దాక మనుమణ్ణి మీరే తోల్కపోవాలె, దారిల తలనొప్పి ముచ్చట తియ్యొద్దు, మీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పాలె అన్నడు. గంతే. ఆరోజు సంది మా అమ్మ డ్యూటీ ఎక్కినట్టే, ఏడున్నరకు చెప్పులేస్కొని గేట్ల నిలవడ్తది, వానిది షూ లేస్ కట్టుడు లేట్ అయితే వాన్ని కాదు నన్ను తిడుతది. పకోడీలు మాత్రం బందు కాలే, సాయంత్రం అయిదింటికి మారినయ్. వాడు మూడు నెలలల్ల పూర్తిగ పోతుండు, ఎప్పుడన్నా పరీక్షల ముంగట మళ్ళ తలనొప్పి అంటడు, పోతడు.

అక్కా మీ అత్తమ్మను పక్కకు నెట్టకుండ్రి. తాయెత్తు ఉండనియ్యిరి, డాక్టర్ దగ్గరికి కూడ రమ్మనుండ్రి. నానమ్మ నోటికెళ్ళి ఏం గాదు పో బిడ్డా అని వస్తే అది మన మాట కంటె ఎక్కువ పనిచేస్తది.


జడ్పీ_మాస్టారు:

నేను శ్రీకాకుళం జిల్లాలో జడ్పీ హైస్కూల్ టీచర్ని. టీసీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మీ పాప ఏడో తరగతి కదా, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూల్ నుంచి తీసేయడానికి లేదు. 2019లో ఆ సెక్షన్ మార్చి, అయిదు ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు రాష్ట్రాలకి ఇచ్చారు కానీ తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. ప్రైవేట్ స్కూళ్ళకీ వర్తిస్తుంది, మైనారిటీ సంస్థలకి తప్ప. సెక్షన్ 17 కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ కూడదంటుంది. ఇవన్నీ తీసుకెళ్ళి మొదటిరోజే రిసెప్షన్‌లో గొడవ పెట్టుకోమని కాదు, పిల్ల మళ్ళీ అక్కడే చదవాలి, కానీ వాళ్ళు టీసీ అన్నప్పుడు మీ గొంతు తగ్గక్కర్లేదు.

ఇంకోటి, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఒకరైనా ఉండాలని అందులో ఉంది. మీ స్కూల్లో ఎవరో కనుక్కోండి. చాలాచోట్ల ఆ పోస్టులో పీఈటీ గారినో అడ్మిషన్ల మేడమ్‌నో చూపిస్తారు, అది వేరే సంగతి.

ప్రిన్సిపాల్ కంటే క్లాస్ టీచర్ ముఖ్యం. స్టాఫ్‌రూంలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆబ్సెంట్ పిల్ల తిరిగి రాగానే మాలో ఎవరో ఒకరు ఏమ్మా మహారాణి గారూ ఇవాళ దయ కలిగిందా అని జోక్ వేస్తారు, క్లాసంతా నవ్వుతుంది, మీరు ఇంట్లో పడ్డ కష్టమంతా ఆ ఒక్క జోక్‌తో పోతుంది. అందుకే ముందే వెళ్ళి చెప్పుకోండి: వచ్చిన రోజు ఏమీ అనొద్దు, ఎందుకు రాలేదని అందరి ముందు అడగొద్దు, పెండింగ్ హోంవర్క్ అంతా ఒకేసారి అడగొద్దు, కడుపునొప్పి అంటే వెంటనే మాకు ఫోన్ చేయకుండా పది నిమిషాలు నీళ్ళు తాగి కూర్చోనివ్వండి అని. డాక్టర్ చీటీ ఉంటే ఇంకా మంచిది, పేరు పెట్టి జబ్బు రాయక్కర్లేదు, కొంతకాలం దశలవారీగా హాజరు అవసరం అని రాయించుకోండి చాలు.

బాబాయ్ గారికి ఒక మాట, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది క్లాసులో ముగ్గురన్నమాట. మీ రోజుల్లోనూ ఉండే ఉంటారు, వాళ్ళు మూడో తరగతిలోనే బడి మానేసి గేదెల్ని కాసుకున్నారు, మనం మొద్దు అన్నాం.


కృష్ణాతీరం_బాబాయ్:

సరే మాస్టారూ మా బ్యాచ్‌లో కూడా ఒకడు ఉండేవాడు లెండి, స్కూల్ ఎగ్గొట్టి కాలవగట్టున కూర్చునేవాడు. అమ్మాయ్, తాళం వేయమన్నవి వేసెయ్ ముందు.


మంగళగిరి_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. క్లినిక్ మేడమ్, రాత్రి అడిగాను, అడిగేటప్పుడు నా గొంతు వణికింది. చచ్చిపోవాలని లేదమ్మా, స్కూల్‌లో లేకుండా పోవాలని ఉంది అంది. బిళ్ళలన్నీ బీరువాలో పెట్టాను, తాళం నా దగ్గరే.

అడిగిన తర్వాత ఎందుకో తనే మాట్లాడటం మొదలుపెట్టింది, చీకట్లో పడుకుని. దసరాకి ముందు యూనిట్ టెస్ట్ మార్కులు చూసి సెక్షన్లు మార్చారంట, తను ఏ సెక్షన్ నుంచి డీ సెక్షన్‌కి వెళ్ళిందంట, మాకు ఆ సంగతే తెలీదు, డైరీలో కూడా రాయలేదు. తనతో లంచ్ తినే అమ్మాయి ఏ లోనే ఉండిపోయింది. డీ లో ప్రతి సోమవారం స్లిప్ టెస్ట్ మార్కులు నిలబెట్టి చదువుతారంట. ఇంకోటి, పీరియడ్ మధ్యలో బాత్రూంకి పంపరంట, ఇంటర్వెల్‌లో పెద్ద లైను, అందుకని నీళ్ళు తాగడం మానేసిందంట, ఆగస్టులో తనకి మొదటిసారి డేట్ వచ్చింది, స్కూల్లో ఉండగా మరక అయితే అనే భయం. ఇన్ని పెట్టుకుని నాకు కడుపునొప్పి అని ఒక్క ముక్కే చెప్పింది.

మా వారికి ఇదంతా చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలా, తర్వాత స్కూల్‌కి వెళ్ళి ప్రిన్సిపాల్‌ని ఉతికేస్తానన్నారు, ఆపాను. శుక్రవారం జీజీహెచ్‌కి వెళ్దాం అనుకుంటున్నాం. పాపకి ఏమని చెప్పి తీసుకెళ్ళాలి? కంటి డాక్టర్ అని చెప్పమంటున్నారు మా అత్తయ్యగారు. వేరే స్కూల్‌కి మార్చేస్తే పోలేదా అని మా వారు, అదీ ఆలోచిస్తున్నాం.


క్లినిక్_కబుర్లు:

చాలా మంచిపని చేశారక్కా. ఒకసారి లేదు అంది కదా అని వదిలేయకుండా అప్పుడప్పుడూ మళ్ళీ అడగండి, తాళం కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వండి. శుక్రవారం డాక్టర్ గారికి ఆ రెండు మాటలూ ఉన్నదున్నట్టు చెప్పండి.

కంటి డాక్టర్ అని చెప్పొద్దు. అక్కడికెళ్ళి బోర్డు చదువుకుంటుంది, పన్నెండేళ్ళ పిల్ల, తర్వాత మీ మాట నమ్మదు, లోపలికెళ్ళాక డాక్టర్ గారితోనూ మాట్లాడదు, అలా అబద్ధం చెప్పి తీసుకొచ్చిన పిల్లలు మొదటి గంటంతా గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. నీకు పొద్దున్నే వచ్చే నొప్పీ భయం తగ్గించడం తెలిసిన డాక్టర్, ఇంజెక్షన్ ఉండదు, మాట్లాడతారు, నీకు చెప్పాలనిపించినంతే చెప్పు, మేం కూడా మా సంగతులు చెప్తాం అనండి. డాక్టర్ గారు కొంతసేపు తనతో ఒంటరిగా మాట్లాడతారు, బయట కూర్చోవాలి, వచ్చాక లోపల ఏం చెప్పావ్ ఏం చెప్పావ్ అని కారులో పీకకండి. ఓపీలో జనం ఉంటారు, పొద్దున్నే వెళ్ళండి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి, నొప్పి వచ్చిన రోజులు, రాని రోజులు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆ కొద్ది టైంలో చాలా కలిసొస్తుంది. నాన్నగారు కూడా రావాలి, పార్కింగ్ దగ్గర ఆగిపోకూడదు.

స్కూల్ మార్చడం తప్పేం కాదు కానీ ఈ వారం వద్దు. ఇప్పుడు మారిస్తే కొత్త గేటు, కొత్త ముఖాలు, భయం అలాగే వెంట వస్తుంది. ముందు ఇక్కడే కొన్ని మెట్లు ఎక్కనివ్వండి, స్కూల్ ఎంతవరకు సహకరిస్తుందో ఈలోపు మీకే అర్థమవుతుంది, వాళ్ళు ఏ మాత్రం కదలకపోతే అప్పుడు పాపని కూడా కూర్చోబెట్టుకుని మార్చండి, మార్చేది పారిపోవడానికి అన్నట్టు ఉండకూడదు అంతే. డేట్ విషయం మాత్రం ఈరోజే తేలిపోవాలి: బ్యాగులో చిన్న పౌచ్, అందులో ప్యాడ్లు, ఒక లెగ్గింగ్, ఒక కవర్. ఎప్పుడడిగినా బాత్రూంకి పంపాలని క్లాస్ టీచర్‌తో, ఆవిడ లేడీ కాకపోతే ఇంకో మేడమ్‌తో మాట్లాడి పెట్టండి. సగం కడుపునొప్పి అక్కడే ఉందేమో అని నా అనుమానం, నీళ్ళు తాగకుండా రోజంతా ఆపుకుంటే యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది, ఆ టెస్ట్ ఎప్పుడు చేయించారో చూసి అవసరమైతే మళ్ళీ చేయించండి.


జడ్పీ_మాస్టారు:

పిల్లల్ని అందరి ముందు సిగ్గుపడేలా చేయడం, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, ఈ రెండూ వీలైనంత వరకు మానుకోమని నేను చెప్పిన ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. సార్‌ని ఉతకనివ్వకండి, తెల్లకాగితం మీద అప్లికేషన్ రాసి ఇమ్మనండి: మా అమ్మాయి వైద్య సలహా మీద కొన్ని వారాలు దశలవారీగా వస్తుంది, ఆ కాలంలో మార్కులు బయటికి చదవొద్దు, బాత్రూంకి ఆపొద్దు, పాత స్నేహితురాలితో లంచ్ చేయనివ్వండి. మూడే అడగండి, పది అడిగితే ఒక్కటీ చేయరు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని దాచుకోండి.


మంగళగిరి_అమ్మ:

సరే మాస్టారూ, రాత్రికి మా వారితో రాయిస్తాను, ఆయన చేతిరాత బావుంటుంది. అత్తయ్యగారికి ఓరుగల్లు అన్నయ్య పోస్ట్ చదివి వినిపించాను, పకోడీల దగ్గర నవ్వారు, శుక్రవారం తనూ వస్తానంటున్నారు. జీజీహెచ్‌లో చీటీ కౌంటర్ ఎన్నింటికి తెరుస్తారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.